బ్రిటన్ గాలి కరెంటు: వేలం ధర వెనక ఎవరి రిస్కు ఎంత?

స్కాట్లాండ్‌లో గాలి జోరుగా వీచే రాత్రి బ్రిటన్ గ్రిడ్‌లో ఒక వింత బేరం నడుస్తుంది. తిరుగుతున్న గాలిమరలను ఆపమని గ్రిడ్ నిర్వాహక సంస్థ నేసో చెబుతుంది, ఆపినందుకు డబ్బిస్తుంది. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఒక గ్యాస్ ప్లాంటును ఉత్పత్తి పెంచమంటుంది, దానికీ డబ్బిస్తుంది. రెండు బిల్లులూ చివరికి చేరేది వినియోగదారుడి ఇంటికే.

గాలిమరలంటే పడనివాళ్లు దీన్ని దుబారా అంటారు. గిట్టేవాళ్లు తప్పంతా గ్యాస్ కంపెనీలదే అంటారు. లెక్కలు విప్పి చూస్తే రెండు మాటలూ నిలవవు. గాలికి ధర లేదు, ఇంధన ఖర్చూ లేదు. పెట్టుబడి మాత్రం దాదాపు మొత్తం ముందే పోయాలి. కాబట్టి ఇక్కడ విధానమంటే రిస్కుల పంపకమే. కరెంటు ధర పడిపోతే నష్టం ఎవరిది? కట్టేలోపు వడ్డీ, ఉక్కు ధరలు పెరిగితే ఎవరిది? లైను సమయానికి రాకపోతే ఎవరిది? బ్రిటన్ మొదటి ప్రశ్నకు మంచి జవాబు కనిపెట్టింది. రెండోదాన్ని కొన్నేళ్లు పట్టించుకోకుండా దెబ్బతింది. మూడోది ఇప్పటికీ తేలలేదు.

కొలతల గురించి ఒక మాట. బ్రిటన్‌లో టోకు ధరలను మెగావాట్-అవర్‌కు చెబుతారు, మన భాషలో అది వెయ్యి యూనిట్లు. కింద చెప్పే ధరలన్నీ వెయ్యి యూనిట్లకే. 60 పౌండ్లు అంటే యూనిట్‌కు 6 పెన్నీలన్నమాట.

వడ్డీయే అసలు ఇంధనం

చేతివేళ్ల మీద చేసుకోగల లెక్క ఒకటి చూద్దాం. సముద్రంలో ఒక మెగావాట్ సామర్థ్యం నిలబెట్టడానికి 30 లక్షల పౌండ్లు అవుతుందనుకుందాం. ఏడాదంతా సగటున 45 శాతం సామర్థ్యంతో తిరిగితే 3,942 మెగావాట్-అవర్లు వస్తాయి. పెట్టుబడిని 25 ఏళ్లలో, ద్రవ్యోల్బణం తీసేశాక 5 శాతం రాబడితో వెనక్కి తెచ్చుకోవాలంటే వెయ్యి యూనిట్లకు సుమారు 54 పౌండ్లు రావాలి. అదే రాబడి 8 శాతం కావాలంటే సుమారు 71 పౌండ్లు. మర మారలేదు, గాలి మారలేదు, ధర మాత్రం మూడో వంతు దాకా పెరిగింది. మరమ్మతులు, పడవలు, బీమా, సముద్రగర్భం అద్దె దీనికి అదనం.

గ్యాస్ ప్లాంటు లెక్క వేరు. దాని ఖర్చులో పెద్ద భాగం రోజూ కాల్చే గ్యాస్‌ది. బ్రిటన్ టోకు మార్కెట్లో చాలా గంటల్లో ధరను నిర్ణయించేది గ్యాస్ ప్లాంటే కాబట్టి, గ్యాస్ ఖరీదైతే కరెంటు ధరా పెరుగుతుంది. దాని ఖర్చు, రాబడి కలిసి నడుస్తాయి. గాలిమరకు ఆ రక్షణ లేదు. ఖర్చు బిగుసుకుపోయి ఉంటుంది, రాబడి ఊగుతుంటుంది. ఊగే రాబడిని చూసి బ్యాంకు ఎక్కువ వడ్డీ అడుగుతుంది. అందుకే ధర ఊగిసలాటను తీసేయడం ఒక్కటే గాలి కరెంటును చవక చేసే అతి పెద్ద మీట.

తేడా ఒప్పందం ఎలా పనిచేస్తుంది

2002లో మొదలైన పాత పథకం రెన్యూవబుల్స్ ఆబ్లిగేషన్ ఆ మీటను సగమే నొక్కింది. ఉత్పత్తి చేసిన ప్రతి మెగావాట్-అవర్‌కు సర్టిఫికెట్లు ఇచ్చేది, సముద్రంలోని మరలకు ఒక దశలో రెండేసి. వాటిని సరఫరా కంపెనీలు కొనాలి. కరెంటు మాత్రం మార్కెట్ ధరకే అమ్ముకోవాలి. అంటే ధర పడితే నష్టం ఉత్పత్తిదారుడిది, పెరిగితే సర్టిఫికెట్ల డబ్బు మీద అదనపు లాభం. 2022లో గ్యాస్ ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఈ లొసుగు బయటపడింది. దాంతో 2023 జనవరి నుంచి 75 పౌండ్లు దాటిన రాబడి మీద 45 శాతం ప్రత్యేక లెవీ వేయాల్సి వచ్చింది.

2013 ఇంధన చట్టంతో వచ్చిన కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్, వాడుకలో సీఎఫ్‌డీ, దీన్ని సరిచేసింది. వేలంలో ఒక స్ట్రైక్ ధర ఖరారవుతుంది. అది 80 పౌండ్లు అనుకోండి. మరుసటి రోజు మార్కెట్లో ఆ గంటకు ధర 50 అయితే, ఉత్పత్తిదారుడు 50కి అమ్ముకుంటాడు, మిగతా 30ని ‘లో కార్బన్ కాంట్రాక్ట్స్ కంపెనీ’ అనే సంస్థ ఇస్తుంది. ధర 200కి పోతే, తేడా 120ని అతనే ఆ కంపెనీకి కట్టాలి. కంపెనీ ఈ డబ్బును సరఫరా కంపెనీల నుంచి యూనిట్ల లెక్కన వసూలు చేస్తుంది, వెనక్కి వచ్చినప్పుడు వాళ్లకే తిరిగిస్తుంది. స్ట్రైక్ ధర ఏటా వినియోగ ధరల సూచీతో పాటు పెరుగుతుంది. మొదటి ఆరు వేలాల్లో గడువు 15 ఏళ్లు.

ఇక్కడ చిన్నగా కనిపించే పెద్ద విషయం ఒకటుంది. ఆ కంపెనీ ప్రభుత్వానిదే అయినా, ఒప్పందం మాత్రం ఇద్దరి మధ్య మామూలు వాణిజ్య ఒప్పందం. మంత్రి మారినా ధర మారదు. ఈ భరోసా విలువ ఎంతో ఆంధ్రప్రదేశ్ పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడింది. కోర్టులో వివాదం నడుస్తుండగా పవన విద్యుత్తుకు యూనిట్‌కు రూ.2.43 మధ్యంతర ధరే చెల్లించారు. చివరికి 2022 మార్చిలో హైకోర్టు ఉత్పత్తిదారుల పక్షాన తీర్పిచ్చింది. కోర్టులో గెలిచినా, మధ్యలో పోయిన ఏళ్లకు వడ్డీ లెక్క బ్యాంకులు మరిచిపోవు. తర్వాత వచ్చే ప్రాజెక్టుల ధరలో అది కలుస్తుంది.

119 నుంచి 37కి, అక్కణ్నుంచి సున్నాకి

వేలం ధరలను ఆరో వేలం దాకా 2012 నాటి పౌండ్లలో చెప్పేవారు. వార్తల్లో గందరగోళం సగం దీనివల్లే. 2015 మొదటి వేలంలో సముద్ర పవన విద్యుత్తు ధర 114 నుంచి 120 పౌండ్ల మధ్య తేలింది. 2017లో హార్న్‌సీ 2, మోరే ఈస్ట్ అనే సముద్ర పవన ప్రాజెక్టులు 57.50కి దక్కాయి. 2019లో ధర 40 దగ్గరికి దిగింది. 2022 జులైలో దాదాపు 7 గిగావాట్లు, అంటే 7,000 మెగావాట్లు, 37.35కి పోయాయి. గాలి కరెంటు గ్యాస్ కన్నా అనేక రెట్లు చవకని అప్పట్లో మంత్రులు ఊదరగొట్టారు. 2012 నాటి 37.35 ఇప్పటి లెక్కలో 50 దాటుతుందని పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది.

మరలు పెద్దవయ్యాయి, అప్పు చవకైంది, కాబట్టి తగ్గుదలలో నిజం చాలానే ఉంది. ఐతే ధరలో దాగిన పందెం కూడా ఉంది. మర 25 నుంచి 30 ఏళ్లు తిరుగుతుంది, ఒప్పందం 15 ఏళ్లే. మిగిలిన ఏళ్లలో మార్కెట్ ధర బాగుంటుందని ఊహించినవాళ్లు ఒప్పంద ధరను తగ్గించి బిడ్డు వేయగలరు. ఎవరి ఊహ ఎక్కువ ఆశావహంగా ఉంటే వాళ్లే గెలుస్తారు.

తర్వాత వడ్డీ రేట్లు పెరిగాయి. ఉక్కు, కేబుళ్లు, మరలను నిలబెట్టే ఓడల అద్దెలు పెరిగాయి. స్ట్రైక్ ధర ద్రవ్యోల్బణంతో పెరుగుతుంది కదా, ఇబ్బందేమిటి అనిపించవచ్చు. సూచీలో ఉన్నది పాలు, బట్టలు, ఇంటద్దె. వేలం గెలిచిన రోజుకీ మరల ఆర్డరు ఇచ్చి అప్పు ఖరారు చేసుకునే రోజుకీ మధ్య ఏడాదో రెండేళ్లో గడుస్తాయి. ఆ కాలంలో ఉక్కు, వడ్డీ సూచీని దాటి పరిగెత్తితే ఆ తేడా పూర్తిగా గెలిచినవాడి నెత్తినే. 2023 జులైలో స్వీడన్ కంపెనీ వాటెన్‌ఫాల్ తన 1.4 గిగావాట్ల నార్ఫోక్ బోరియాస్ ప్రాజెక్టు పనులు ఆపేసింది. ఖర్చులు 40 శాతం దాకా పెరిగాయని చెప్పింది.

ఇంత జరిగినా 2023 ఐదో వేలంలో గరిష్ఠ ధరను ప్రభుత్వం 44 పౌండ్ల దగ్గరే ఉంచింది. సముద్ర పవన విద్యుత్తుకు ఒక్క బిడ్డూ రాలేదు. వేలం ఆట తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. గెలిచిన వాళ్లందరికీ చివరి బిడ్డు ధరే దక్కే ఈ పద్ధతిలో గరిష్ఠ ధర కొంచెం ఎక్కువైతే పోటీ దాన్ని కిందికి లాగుతుంది. తక్కువైతే దాన్ని పైకి లాగేది ఏదీ లేదు. 2024 ఆరో వేలానికి గరిష్ఠ ధరను 73కి పెంచారు. కొత్త ప్రాజెక్టులు 58.87కి, అంటే 2024 పౌండ్లలో సుమారు 82కి తేలాయి. పాత ఒప్పందంలో సామర్థ్యాన్ని కొంత తగ్గించుకునే వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకుని, అలా విడిపించుకున్న 1.6 గిగావాట్లను కొందరు మళ్లీ వేలానికి తెచ్చి 54.23కి గెలుచుకున్నారు.

అప్పటికీ కథ తెగలేదు. 2025 మేలో డెన్మార్క్ కంపెనీ ఆర్‌స్టెడ్ 2.4 గిగావాట్ల హార్న్‌సీ 4ను, గెలిచిన ఏడాదిలోపే, పక్కన పెట్టింది. కారణాలు మళ్లీ అవే: సరఫరా ఖర్చులు, వడ్డీ, నిర్మాణ రిస్కు. వేలంలో గెలవడం అంటే కట్టడం కాదు. విధానకర్తలు లెక్కపెట్టాల్సింది గెలిచిన గిగావాట్లను కాదు, పెట్టుబడి నిర్ణయం దాటిన గిగావాట్లను. ఏడో వేలానికి గడువును 20 ఏళ్లకు పెంచారు, ధరలు 2024 పౌండ్లకు మారాయి. గడువు పెంచితే మార్కెట్ మీద పందెం కాసే తోక కురచ అవుతుంది, అడిగే ధర తగ్గుతుంది. బదులుగా వినియోగదారుడు ఐదేళ్లు ఎక్కువ కట్టుబడి ఉంటాడు.

ఒకే అంకె, వేరు వేరు బరువులు

2017 ఏప్రిల్‌లో జర్మనీ వేలంలో సున్నా సబ్సిడీకి కూడా బిడ్లు వచ్చాయి, ఉదాహరణకు ఎన్‌బీడబ్ల్యూ కంపెనీ వారి హీ డ్రైట్ ప్రాజెక్టుకు. బ్రిటన్ మాత్రం ఇంకా 57 పౌండ్లు ఇస్తోందని అప్పట్లో చాలామంది ఎత్తిపొడిచారు. ఆ పోలిక చెల్లదు. జర్మనీలో సముద్రం నుంచి ఒడ్డుకు కేబుల్ వేసేది ట్రాన్స్‌మిషన్ సంస్థ, ఆ ఖర్చు గ్రిడ్ బిల్లులో కలుస్తుంది. బ్రిటన్‌లో ఆ కేబుల్ ఖర్చు మరల యజమానిదే. సాధారణంగా అతనే కడతాడు. ఉత్పత్తి, రవాణా ఒకరి చేతిలో ఉండకూడదన్న నియమం వల్ల దాన్ని వేరే సంస్థకు వేలంలో అమ్మేయాలి, ఆ తర్వాత ఏటా దానికి అద్దె కట్టాలి. పైగా జర్మనీ సున్నాలో పైకి పోయే లాభం యజమానిదే. బ్రిటన్ 57.50లో పైలాభం వినియోగదారుడిది. 2022లో ఆ తేడా విలువ అందరికీ కనిపించింది.

సముద్రగర్భం అద్దె ఇంకో దాగిన బరువు. ఇంగ్లండ్, వేల్స్ తీరాలలో అది రాచరికపు ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్‌ది. 2021లో సముద్రగర్భం లీజుల నాలుగో విడతలో ఎవరు ఎక్కువిస్తే వారికే అన్నారు. సుమారు 8 గిగావాట్ల స్థలాలకు ఏటా 879 మిలియన్ పౌండ్ల ఆప్షన్ రుసుము (స్థలాన్ని అట్టిపెట్టుకునే రుసుము) తేలింది, అనుమతులు వచ్చేదాకా కడుతూనే ఉండాలి. స్కాట్లాండ్ 2022 జనవరిలో చదరపు కిలోమీటరుకు లక్ష పౌండ్ల పరిమితి పెట్టింది. సుమారు 25 గిగావాట్లకు ఒకే ఒక్కసారి 700 మిలియన్లు వచ్చాయి. మొదటిది చూస్తే ఖజానాకు పండగే. కానీ ఆ డబ్బు తర్వాతి వేలంలో స్ట్రైక్ ధరగా వినియోగదారుడి దగ్గరికే తిరిగొస్తుంది. ఒక జేబులోంచి తీసి రెండో జేబులో వేయడమే ఇది, మధ్యలో ప్రాజెక్టు ఆగిపోయే ప్రమాదం అదనం. సబ్సిడీ లేకపోగా ఎదురు డబ్బు అడిగే పద్ధతి ఎక్కడిదాకా పోతుందో డెన్మార్క్ చూపించింది. 2024 డిసెంబరులో ఉత్తర సముద్రంలోని 3 గిగావాట్ల టెండరుకు ఒక్కరూ రాలేదు. 2025 ఆగస్టులో జర్మనీకీ అదే జరిగింది.

నేల మీది గాలిమరల సంగతి చిన్నదే, ఖరీదు మాత్రం చిన్నది కాదు. 2015 జూన్‌లో ఇంగ్లండ్ ప్రణాళికా నిబంధనలను ఎంత బిగించారంటే, స్థానికుల అభ్యంతరం ఒక్కటున్నా ప్రాజెక్టు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. నిషేధమని ఎక్కడా రాయలేదు, ఆచరణలో అదే. 2024 జులైలో కొత్త ప్రభుత్వం వచ్చిన కొద్దిరోజుల్లోనే దాన్ని ఎత్తేసింది. అన్నిటికన్నా చవకైన, నగరాలకు దగ్గరైన గాలి ఆ తొమ్మిదేళ్లూ దాదాపుగా వృథా అయింది.

ఒప్పందంలో సందులు

సీఎఫ్‌డీ ఎప్పుడు మొదలుపెట్టాలో కొంతవరకు ఉత్పత్తిదారుడి ఇష్టం. సముద్ర ప్రాజెక్టులకు ఏడాది నిడివి గల గవాక్షం ఉంటుంది, అందులో ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు. అది దాటితే 15 ఏళ్ల గడువు తరుగుతుంది కానీ ఒప్పందం వెంటనే పోదు. వాతావరణం వల్ల, ఓడల వల్ల నిర్మాణం ఆలస్యమైతే పనికొచ్చేందుకు పెట్టిన సౌలభ్యమిది. 2022లో మార్కెట్ ధర స్ట్రైక్ ధరకు ఎన్నో రెట్లున్నప్పుడు మోరే ఈస్ట్ వంటివి మరలు తిరుగుతున్నా ఒప్పందాన్ని ఆలస్యం చేసి కరెంటును బయట అమ్ముకున్నాయి. చట్టప్రకారం తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే, ధర తగ్గినప్పుడు తోడుండే బీమాను ధర పెరిగినప్పుడు పక్కనపెట్టే వీలు ఉచితంగా ఇవ్వడంలో.

రెండో సందు రుణాత్మక ధరలు. గాలి అందరికీ ఒకేసారి వీస్తుంది. మదనపల్లె మార్కెట్లోకి టమాటా అంతా ఒకే వారం దిగినట్టు, గాలి వీచిన గంటలో ధర కూలుతుంది, ఒక్కోసారి సున్నా కిందికీ పోతుంది. ధర మైనస్ 10 అయినా పై తేడా వస్తుందంటే ఎవరూ మర ఆపరు. అందుకే రెండు, మూడు వేలాల ఒప్పందాల్లో ఆరు గంటలు వరసగా ధర సున్నా కిందుంటే చెల్లింపు ఆగేలా నిబంధన పెట్టారు. నాలుగో వేలం నుంచి ధర ఒక్క గంట సున్నా కిందికి పోయినా ఆ గంటకు చెల్లింపు లేదు. దాంతో వక్రీకరణ తగ్గింది, కానీ రిస్కు మళ్లీ ఉత్పత్తిదారుడి వైపు జరిగింది. రాబోయే 15 ఏళ్లలో ఎన్ని గంటలు సున్నా కిందికి పోతాయో ఊహించి ధర చెప్పాలి. ఆ సంఖ్య అతని చేతిలో లేదు, పక్కవాళ్లు ఎన్ని మరలు పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. తిరిగిన యూనిట్లకు కాక, ఆ గాలికి ఎంత తిరగగలదో అంత లెక్కగట్టి ఇవ్వాలన్న ప్రతిపాదన అందుకే వచ్చింది.

లైను లేని చోట గాలి

స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దును గ్రిడ్ ఇంజనీర్లు బీ6 అంటారు. మరలు ఎక్కువ పైన, జనం ఎక్కువ కింద, మధ్యలో ఇరుకు దారి. కానీ బ్రిటన్ టోకు మార్కెట్‌కు దేశమంతా ఒకే ధర. స్కాట్లాండ్ తీరంలోని సీగ్రీన్ పవన ప్రాజెక్టు తన కరెంటును లండన్ కంపెనీకి అమ్మేయవచ్చు, లైనులో చోటుందా లేదా అన్నది ఆ అమ్మకం చూడదు. అమ్మకాలన్నీ అయ్యాక నేసో లెక్క చూసి, పట్టనిదాన్ని బ్యాలెన్సింగ్ మార్కెట్లో సరిచేస్తుంది.

ఒక మెగావాట్-అవర్‌తో చూద్దాం. స్ట్రైక్ ధర 80, మార్కెట్ 50. మర ఆపితే యజమానికి అమ్మకం డబ్బు 50 ఎలాగూ ఉంటుంది, ఎందుకంటే కొన్నవాడికి ఆ కరెంటును నేసో వేరే చోటు నుంచి ఇస్తుంది. పోయేది సీఎఫ్‌డీ తేడా 30, అది మీటరు తిరిగితేనే వస్తుంది కనుక. కాబట్టి అతను ఆపడానికి 30 అడుగుతాడు. ఇంగ్లండ్‌లో గ్యాస్ ప్లాంటు వెంటనే పెంచడానికి 100 అడిగిందనుకుందాం. మొత్తం 130. ఇందులో గాలిమరకు పోయింది పావు వంతు కన్నా తక్కువ. ‘మరలు ఆపడానికి కోట్లు’ అన్న శీర్షిక కింద రాసే మొత్తంలో పెద్ద వాటా నిజానికి బదులు కాల్చిన గ్యాస్‌ది. పాత సర్టిఫికెట్ల పథకంలోని మరలూ ఇలాగే, పోయే సర్టిఫికెట్ విలువ అడుగుతాయి.

మరి లైను ఎందుకు వేయరు? వేస్తారు, తీరిగ్గా. స్కాట్లాండ్‌లో బ్యూలీ నుంచి డెన్నీకి 220 కిలోమీటర్ల లైనుకు 2005లో దరఖాస్తు పెడితే కరెంటు పారింది 2015 చివర్లో. పెద్ద లైనుకు పట్టే సుమారు 14 ఏళ్లను 7కు తగ్గించాలని ప్రభుత్వం నియమించిన నెట్‌వర్క్స్ కమిషనర్ నిక్ విన్సర్ 2023లో సిఫారసు చేశారు. మరలు అంతకన్నా చాలా వేగంగా లేస్తాయి. స్కాట్లాండ్‌లోని హంటర్‌స్టన్ నుంచి వేల్స్‌లోని డీసైడ్‌కు సముద్రం కింద వేసిన 2.2 గిగావాట్ల వెస్టర్న్ లింక్ కొంత ఊపిరినిచ్చింది. టోర్నెస్ నుంచి, పీటర్‌హెడ్ నుంచి ఇంగ్లండ్‌కు రెండేసి గిగావాట్ల రెండు సముద్ర కేబుళ్ల పనులు నడుస్తున్నాయి, లక్ష్యం 2029.

ఇంకో దారి, ధరే లైను ఇరుకును చెప్పేలా చేయడం. స్వీడన్ 2011 నుంచి నాలుగు ధరల మండలాలతో నడుస్తోంది. బ్రిటన్‌లోనూ అలా చేస్తే గాలి రాత్రి స్కాట్లాండ్ ధర సున్నా దగ్గరికి పడుతుంది, డేటా సెంటర్లు, హైడ్రోజన్ ప్లాంట్లు అక్కడికి వెళ్తాయి, ఆపినందుకు ఇచ్చే డబ్బు చాలావరకు పోతుంది. మూడేళ్ల చర్చ తర్వాత 2025 జులైలో ప్రభుత్వం వద్దనుకుంది. మండలం ధరల రిస్కు పెట్టుబడిదారుడి మీద పడితే అతను అడిగే రాబడి పెరుగుతుందన్నది భయం. పైన 5 శాతానికీ 8 శాతానికీ చూసిన తేడాతో పోలిస్తే ఆ భయం కాకిలెక్క కాదు. ఐనా నా దృష్టిలో ఈ నిర్ణయం వాయిదా మాత్రమే. మార్కెట్ ధర స్థలం గురించి ఏమీ చెప్పనప్పుడు, ఎక్కడ కట్టాలో ప్రణాళిక చెప్పాలి, లైను రుసుములు చెప్పాలి. ఇప్పుడున్న రుసుములు ఉత్తర స్కాట్లాండ్‌లో మరలకు బాగా ఎక్కువ, దక్షిణాన చాలా తక్కువ. పైగా ఏటా మారుతుంటాయి. ముందే కట్టేసిన మర రుసుము పెరిగిందని దక్షిణానికి నడిచి వెళ్లలేదు. సంకేతం పనిచేయాలంటే పెట్టుబడి నిర్ణయం రోజున ఖాయమై, తర్వాత కదలకుండా ఉండాలి.

ఇక 2027 నుంచి పాత సర్టిఫికెట్ల గడువు విడతలవారీగా తీరిపోతుంది, 2037 నాటికి మొత్తం ముగుస్తుంది. ఆ మరలు చాలావరకు ఇంకా తిరగగలవు. వాటి యజమానుల ముందు రెండు దారులు: గాలి వీచినప్పుడల్లా కూలే మార్కెట్ ధరకు అమ్ముకుంటూ నెట్టుకురావడం, లేదా పాతవి పీకి, అదే చోట పెద్ద మరలు నిలబెట్టి కొత్త వేలానికి రావడం. రెండోదానికి కొత్త ప్రణాళికా అనుమతి కావాలి, సామర్థ్యం పెంచితే గ్రిడ్ కనెక్షన్ వరసలో మళ్లీ నిలబడాలి. మంచి గాలి ఉన్న స్థలాలను మొదట ఆక్రమించినవి ఈ పాత మరలే కాబట్టి, వాటి చోట ఏం వస్తుందన్నది కొత్త వేలాలంత ముఖ్యమైన లెక్క.